అర డిగ్రీ

నా కంట్లో ఒక మచ్చ ఉంది.
అద్దంలో వెతికితే దొరకదు.
ఎవరి మొహం చూసినా ముక్కు ఉండాల్సిన చోట
మసిగుడ్డతో తుడిచినట్టు ఉంటుంది.
మా ఆయన నోల్బెర్తో ముక్కు ఎలా ఉంటుందో
నాకు వేళ్ళతోనే తెలుసు.

పుత్రేలో, తొంభై నాలుగు నవంబరు.
లామాలు ఇంకా దొడ్డి దాటని పొద్దు.
తొమ్మిదేళ్ళ నేను, చేతిలో
మా చిన్నాన్న విరిగిన పక్కటెముకల ఎక్స్‌రే.
ఎముకల సందులోంచి సూర్యుణ్ణి చూశాను.
కొడవలిలా చిక్కిపోయి, చల్లగా,
పిలిస్తే ఒళ్ళో కూచునేలా ఉన్నాడు.

నొప్పి లేదు.
చెయ్యి కాలితే అరుస్తుంది, నాలుక కాలితే తిడుతుంది.
కంటి వెనక తెరకి
నొప్పి చెప్పుకునే నోరే లేదు.
మర్నాడు బడిలో
నల్లబల్ల మీద ప్రతి మాటలోనూ
నడిమి అక్షరం రాలిపోయింది.

అరీకాలో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది:
కంటి లోపల సూర్యుడు ఆవగింజలో పదో వంతు.
చుట్టూ మసకబారేసరికి
చీకటి పడిందనుకుని కనుపాప తలుపు బార్లా తీసింది.
మిగిలిన కొడవలి అంచు మాత్రం
రోజూ మండే సూర్యుడే.
చూపు కుదురుగా నిలవదు కనక మచ్చ గుండ్రంగా తేలింది.
కొలత, అర డిగ్రీ.

పాతికేళ్ళ తర్వాత ఆ నీడ
నన్ను వెతుక్కుంటూ ఎల్కీ లోయకి వస్తోందన్నారు.
నోల్బెర్తో వెల్డింగు షాపు ముందు జనం.
పదో నంబరు అద్దం చాలదా అన్నవాళ్ళని గదిమాడు:
"పద్నాలుగు. లేదంటే ఇంటికెళ్ళి జల్లెడ తెచ్చుకో."
మేకల ఎవారిస్తో తాత
మూడు నల్ల కళ్ళజోళ్ళు ఒకదానిమీద ఒకటి పెట్టుకొచ్చాడు.
మూడు అబద్ధాలు కలిస్తే నిజమవుతుందా తాతా, అన్నాను.

బడిపిల్లల గ్రహణం అద్దాలు ఒక్కొక్కటీ
బల్బు ముందు పట్టి చూశాను.
గీత పడిందా, పొయ్యిలోకి.
తల దించి పెట్టుకో, అప్పుడు ఎత్తు.
మొహం తిప్పుకో, అప్పుడు తియ్యి.
దుర్భిణీ ముట్టుకుంటే వీపు చిట్లుతుంది.

ప్రతి అమావాస్యకీ ఎందుకు రాదంది దామారిస్.
చంద్రుడి బాట అయిదు డిగ్రీలు వాలింది పిల్లా,
నీడ మన నెత్తి మీంచో కాళ్ళ కిందుగానో జారిపోతుంది.
సూర్యుడు నాలుగొందల రెట్లు పెద్ద, నాలుగొందల రెట్లు దూరం,
అందుకే ఇద్దరూ నీ చిటికెన వేలి వెనక సగానికి సర్దుకుంటారు.
అయినా చంద్రుడు ఏటా కొన్ని వేళ్ళ మందం
మననుంచి దూరం జరుగుతున్నాడు.
ఒకనాటికి కప్పలేడు.

జల్లెడ పట్టాం. గోడంతా చిన్న చిన్న నెలవంకలు.
పిమియెంతో చెట్టుకింద నేలంతా నెలవంకలు.
ఎలీసెర్ వేళ్ళు అడ్డం నిలువు పెట్టి
తన చొక్కామీదే గ్రహణం చేసుకున్నాడు.
ఎండ పాదరసంలా మారింది. చలి.
మేకలు ఎవరూ అదిలించకుండానే కొట్టం దారి పట్టాయి.

"పూర్తిగా మూసింది! తియ్యండి!" నోల్బెర్తో కేక.
నేను చూడకూడదనే అనుకున్నాను.
తల మాత్రం దానంతటదే లేచింది.

నడిమధ్య నల్లటి బిళ్ళ.
నా మసి సరిగ్గా దానిమీద కూచుంది,
గిన్నెమీద దాని సొంత మూతలా.
చుట్టూ తెల్లటి కిరణాలు, ఎవరో తలంటుకుని
ఆకాశం మీద జుట్టు ఆరబెట్టినట్టు.
పాతికేళ్ళలో మొదటిసారి
నాకేమీ తక్కువ కాలేదు.
లోయలో ప్రతివాళ్ళూ
నా కన్నుతోనే చూస్తున్నారు.

రెండున్నర నిమిషాలు కూడా నిండలేదు.
అంచున ఒక వెలుగు పూస. అందరికంటే ముందు
అరిచింది నేనే: "అద్దాలు!"

సాయంత్రం లెక్కపెట్టి డబ్బాలో సర్దాను.
పదిహేడు. ఒకటి ఎవారిస్తో తాత జేబులో పోయింది, పోనీ.
రేపు బడిలో నల్లబల్ల మీద
నడిమి అక్షరం కూడా చదువుతారు వీళ్ళు.
నోల్బెర్తో దీపం పట్టుకొచ్చాడు.
ముక్కు దగ్గర, మామూలుగానే,
మసి.